తెరమీది నోటుపుస్తకం

జాతీయ రహదారులు 44, 63 కలిసే కూడలిలో, నవనాథ సిద్ధుల గుట్ట రాళ్ల చెంత విస్తరించిన ఆర్మూర్ పట్టణం చుట్టుపక్కల పల్లెల పసుపు పంటకు ఎంత కేంద్రమో, ఆ పంట పండించే ఇళ్ల పిల్లల చదువులకూ అంతే కేంద్రం. జనవరిలో పసుపు తవ్వకం మొదలై, ఉడకబెట్టడం, ఆరబెట్టడం ముగిసి సరుకు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరే నెలలే ఇంటర్మీడియట్, పదో తరగతి పరీక్షల నెలలు కూడా కావడంతో, పొలంలో చేతిసాయానికి ఆగిపోయిన విద్యార్థికి తరగతిలో తప్పిన పాఠాన్ని తిరిగి అందించేది నోట్సు ఒక్కటే. ఒకప్పుడు ఆ నోట్సు తోటి విద్యార్థి పుస్తకంగానో, దానికి తీయించిన జిరాక్సు ప్రతిగానో వచ్చేది. ఇప్పుడు ఫోనులో ఫొటోగానో, వాట్సాప్‌లో పీడీఎఫ్‌గానో వస్తోంది. దీనివల్ల పాఠం చేతికి అందడం చాలా సులువైంది గాని, అందిన పాఠం ఒంటబట్టడం కూడా అంతే సులువైందా అన్నది ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ నిదానంగా ఆలోచించవలసిన ప్రశ్న.

విన్న పాఠంలో, చదివిన పుటలో ముఖ్యమనిపించినదాన్ని ఎంచి, కుదించి, మళ్లీ పనికివచ్చే తీరులో రాసి ఉంచుకున్నదే నోట్సు. ఆ పనిని కంప్యూటరు, ట్యాబు, ఫోను మీద చేయడానికి రూపొందిన సాఫ్ట్‌వేరును డిజిటల్ నోట్సు సాధనం అంటారు. 2003లో వచ్చిన వన్‌నోట్, 2008లో వచ్చిన ఎవర్‌నోట్, 2013లో వచ్చిన గూగుల్ కీప్, ఆ తరువాతి నోషన్, అబ్సిడియన్ వంటివి ఈ కోవలోనివి. వాటి మధ్య తేడాలు ఎన్ని ఉన్నా కాగితానికి లేని కొన్ని శక్తులు దాదాపు అన్నింటికీ ఉన్నాయి: రాసినవాటిలో ఏ మాట ఎక్కడుందో క్షణంలో చూపే వెతుకులాట, ఫోనులో రాసింది కంప్యూటరులోనూ అదే రూపంలో కనబడేలా చేసే సింక్, ఒక నోట్సు నుంచి దానికి సంబంధించిన మరో నోట్సుకు దారి వేసే లింకు, రాతతోపాటు ఫొటో, గొంతు, బొమ్మ ఒకే పుటలో ఇమిడే వెసులుబాటు. అయితే చిన్న పట్టణాల విద్యార్థుల్లో ఈ పేర్లు విన్నవారి కన్నా వాట్సాప్ గుంపునే నోటుపుస్తకంగా వాడుకునేవారే తరచుగా కనిపిస్తారు కాబట్టి, చర్చ అక్కడి నుంచి మొదలుకావడమే న్యాయం.

నోట్సు వల్ల కలిగే మేలును 1972లో డివెస్టా, గ్రే అనే అమెరికన్ విద్యా మనస్తత్వ పరిశోధకులు రెండుగా విడదీశారు. మొదటిది రాస్తున్నప్పుడే కలిగే మేలు: ఏది ముఖ్యమో తేల్చుకుని, దాన్ని కుదించి, పాత జ్ఞానంతో కలిపే శ్రమలోనే కొంత చదువు పూర్తవుతుంది. రెండవది దాచుకున్నందువల్ల కలిగే మేలు: నెల తరువాత తిరిగి చూసుకోవడానికి ఒక ఆధారం మిగులుతుంది. తరువాతి పరిశోధనలకు పునాది అయిన ఈ విభజన వాట్సాప్ నోట్సును తూచడానికి మంచి త్రాసు. ఎవరో రాసిన నోట్సు ఫొటోగా వచ్చి చేరినప్పుడు మొదటి మేలు పూర్తిగా పోతుంది. ఆ ఫొటో వందలాది శుభోదయాల, పెళ్లి పత్రికల నడుమ కూరుకుపోయి మళ్లీ దొరకదు కనుక రెండవది కూడా పేరుకే మిగులుతుంది. ఫోను నిండా నోట్సు ఉన్నా తలలో పాఠం లేని స్థితికి కారణం ఫోను కన్నా ఈ వాడుక తీరులోనే ఎక్కువగా ఉంది.

కలమా, కీబోర్డా అన్న వాదం కూడా ఈ దృష్టితో చూస్తేనే తేలుతుంది. 2014లో మ్యూలర్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకున్న విద్యార్థులు ఉపన్యాసంలోని మాటలను ఉన్నవి ఉన్నట్టు ఎక్కువగా ఎక్కించుకున్నారనీ, భావాన్ని పరీక్షించే ప్రశ్నల్లో చేత్తో రాసినవారి కన్నా వెనకబడ్డారనీ తేలింది. అదే ప్రయోగాన్ని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ బృందం మళ్లీ జరిపి 2021లో ప్రచురించిన ఫలితాల్లో, ల్యాప్‌టాప్‌వారు మాటకు మాట ఎక్కించుకోవడం మళ్లీ కనిపించింది గాని, మార్కుల్లో ఆ తేడా కనిపించలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే తెలుగు పాఠకుడికి ఒక సంగతి వెంటనే స్ఫురిస్తుంది: మాటకు మాట ఎక్కించడం మన తరగతులకు కీబోర్డు తెచ్చిపెట్టిన అలవాటు కానే కాదు. ఉపాధ్యాయుడు డిక్టేషన్ చెబుతుంటే తలెత్తకుండా రాసుకోవడం, గైడులోని జవాబును నోటుపుస్తకంలోకి దించి సంతకం చేయించుకోవడం దశాబ్దాలుగా సాగుతున్నవే. అక్కడ కలం చేసిన పని టేపు రికార్డరు పనే. అందువల్ల పిల్లల చేతికి కలం తిరిగి ఇచ్చినంత మాత్రాన చదువు బాగుపడుతుందన్న వాదన, ట్యాబు ఇచ్చినంత మాత్రాన బాగుపడుతుందన్న వాదనంత బలహీనమైనదే. విద్యార్థి సొంత వాక్యం ఎక్కడ పుడుతోందన్నదే చూడవలసిన విషయం.

ఐదు కిలోల పచ్చి, కిలో ఎండు

తవ్విన పసుపును తవ్వినట్టే నిల్వ చేస్తే కుళ్లిపోతుందని ఆర్మూర్ ప్రాంతంలో తెలియని ఇల్లు ఉండదు. కొమ్మును, మండను వేరు చేసి, ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండలో ఆరబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టాక, రకాన్ని బట్టి ఐదు కిలోల పచ్చి పసుపుకు సుమారు కిలో ఎండు పసుపు మిగులుతుంది. ఏళ్లపాటు నిలిచేది ఆ కిలోయే. అలాగే తరగతిలో గబగబా రాసుకున్నది, లేదా ఫొటో తీసుకున్నది పచ్చి సరుకు. ఆ రోజో మరునాడో కూర్చుని దాన్ని తన మాటల్లోకి కుదించుకునే రెండో దఫా పని చాలామంది విద్యార్థుల చదువులో జరగడం లేదు. డిజిటల్ సాధనం గట్టిగా సాయపడగలిగినది ఆ రెండో దఫాలోనే, ఎందుకంటే కాగితం మీద కొట్టివేతలతో, బాణం గుర్తులతో గజిబిజి అయ్యే సవరణ తెరమీద పేరాను జరిపినంత తేలికగా సాగుతుంది.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1950ల్లో వాల్టర్ పాక్ ప్రచారంలోకి తెచ్చిన కార్నెల్ పద్ధతి ఈ కుదింపుకు ఒక చట్రం ఇస్తుంది. పుటను మూడు భాగాలు చేసి, కుడివైపు వెడల్పు భాగంలో పాఠం, ఎడమవైపు సన్నని పట్టీలో ఆ పాఠం దేనికి జవాబో ఆ ప్రశ్న, అడుగున రెండు మూడు వాక్యాల సారాంశం రాయాలి. తరువాత కుడివైపు మూసి, ఎడమవైపు ప్రశ్నలు మాత్రమే చూస్తూ జవాబు తలలోంచి తెచ్చుకోవాలి. ఈ చివరి మెట్టే అసలైనది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని నాలుగు దఫాలు చదివినవారు ఐదు నిమిషాల తరువాత 83 శాతం, ఒక్క దఫా చదివి మూడు దఫాలు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారు 71 శాతం చెప్పగలిగారు. వారం గడిచాక మొదటివారిది 40 శాతానికి పడిపోగా రెండవవారిది 61 శాతంగా నిలిచింది. పరీక్షకు ముందురోజు రాత్రి చదువు ఎందుకు బాగా వచ్చినట్టనిపిస్తుందో, అది ఎందుకు నిలవదో ఈ అంకెలే చెబుతాయి. ఈ సూత్రం మీద నడిచే సాధనాల్లో 2006 నుంచి అందుబాటులో ఉన్న ఆంకీ ప్రసిద్ధమైనది. ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉన్న చీట్లలో, విద్యార్థి తడబడిన చీటీని త్వరగా, తేలికగా చెప్పిన చీటీని ఆలస్యంగా మళ్లీ ముందుకు తెస్తుంది. అందులో తెలుగు చీట్లు రాసుకోవచ్చు, కంప్యూటరు మీదా ఆండ్రాయిడ్ ఫోన్ల మీదా ఉచితంగా నడుస్తుంది. ఇతరులు చేసిపెట్టిన చీట్లను దించుకునే సౌకర్యం కూడా అందులో ఉంది గాని, అలా దించుకుంటే మళ్లీ వాట్సాప్ పీడీఎఫ్ కథే.

ఎదురెదురు పుటల మధ్య

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి 1 మొదలు 8వ తరగతి వరకు ఇంగ్లిషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు, పాఠ్యపుస్తకాలను ఒక పుట ఇంగ్లిషు, ఎదురు పుట తెలుగుగా ముద్రించారు. ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే ఆ దారి పట్టింది. ఇంగ్లిషు పుటలో చదవాలి, తెలుగు పుటలో అర్థం చేసుకోవాలి, తరువాత తిరిగి ఇంగ్లిషులో జవాబు రాయాలి అన్న ఈ రాకపోకలోనే నేటి గ్రామీణ విద్యార్థి చదువు నడుస్తోంది. రెండు పుటల మధ్య జరిగే ఆ రాకపోకను నమోదు చేసే చోటు నోట్సు తప్ప మరొకటి లేదు. కిరణజన్య సంయోగక్రియ అన్న తెలుగు పదబంధం కింద ఫొటోసింథసిస్ అన్న మాట, దాని పక్కనే ఆకు ఎండ సాయంతో ఆహారం తయారుచేసుకుంటుందన్న ఇంటి వాక్యం ఉన్న నోట్సు విద్యార్థికి ఎంత మేలు చేస్తుందో, ఒక్క ఇంగ్లిషులోనే అర్థం కాకుండా ఎక్కించుకున్న నిర్వచనం అంత చేటు చేస్తుంది. నోట్సు ఇంగ్లిషులోనే ఉండాలని పట్టుబట్టే పాఠశాలలు ఈ సంగతిని పట్టించుకోవలసి ఉంది.

తెలుగులో డిజిటల్ నోట్సు రాయడం ఇప్పుడు సాధ్యమే గాని, ఆ దారి ఒక్కరోజులో పడలేదు. ప్రపంచ లిపులన్నింటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో శాశ్వత సంఖ్య కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991లో వెలువడిన మొదటి కూర్పు నుంచే ఉన్నా, కంప్యూటర్లలో అది సరిగా కనిపించి, సామాన్యుల చేతికి రావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. అంతవరకూ ఆ లోటును పూడ్చినవారిలో ప్రవాసాంధ్రులు ముందున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగు విద్యార్థులు 1990ల్లో రూపొందించిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ, అంటే తెలుగు ఉచ్చారణను ఆంగ్ల అక్షరాల్లో రాసే క్రమపద్ధతి, తొలి ఇంటర్నెట్ చర్చాబృందాల్లో తెలుగును బతికించింది. ఆ పద్ధతిలో కొడితే తెలుగు అక్షరాలుగా మార్చి చూపే లేఖిని అనే ఉచిత పరికరం 2006లో వచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు రాసినవారిలో చాలామంది ఈ దారినే తెలుగు టైపు చేయడం నేర్చుకున్నారు. 2017లో గూగుల్ తన మాట గుర్తింపు సదుపాయాన్ని తెలుగుకూ విస్తరించడంతో, చెబితే రాసే ఫోను ఆర్మూర్ అంగడి దాకా చేరింది. నిజామాబాద్ పల్లె పలుకు ప్రామాణిక తెలుగులా ఉండదు కనుక ఆ యంత్రం తడబడుతుంది. ఆ తడబాటును దిద్దుకునే పని కూడా విద్యార్థికి వర్ణక్రమం నేర్పే పనే అవుతుంది.

ఇంకా తొలగని అడ్డంకి ఒకటుంది. పోటీ పరీక్షల తెలుగు నోట్సులో, ప్రైవేటు ప్రచురణల్లో పెద్ద భాగం ఇప్పటికీ పాత డీటీపీ ఫాంట్లలో తయారవుతోంది. ఈ ఫాంట్లు తెలుగు ఆకారాలను ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో దాచి పెట్టినవి కావడంతో, కంటికి చక్కని తెలుగు కనిపించినా కంప్యూటరుకు అది అర్థంలేని రోమన్ అక్షరాల వరస. అలాంటి పీడీఎఫ్ నుంచి ఒక పేరాను నోట్సులోకి తెచ్చుకోబోతే గజిబిజి గుర్తులు వస్తాయి. కాకతీయ అన్న మాట కోసం వెతికితే పుస్తకం నిండా ఆ మాటే ఉన్నా లేదనే జవాబు వస్తుంది. ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి పాఠంగా మార్చే సాంకేతికత, తెలుగు అచ్చును ఇప్పుడు బాగానే చదువుతోంది గాని ఒత్తుల దగ్గర, పాత అచ్చుల దగ్గర పొరబడుతుంది. పాఠ్యపుస్తకాలూ పాఠశాల నోట్సూ యూనికోడ్‌లోనే ఉండాలన్న నియమాన్ని కచ్చితంగా అమలు చేస్తే దానికి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు లేదు, పిల్లలకు కలిగే మేలు మాత్రం చాలా పెద్దది.

పలక ఊరిలో ల్యాప్‌టాప్

నిజామాబాద్‌కు ఉత్తరాన గోదావరి ఒడ్డున ఉన్న బాసరలో, జ్ఞాన సరస్వతి ఆలయంలో పిల్లల చేత అక్షరాభ్యాసం చేయించడం తరాల నాటి ఆచారం. ఆ పలకా బలపాల ఊరిలోనే 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం నోట బాసర ట్రిపుల్ ఐటీ, మొదలైంది. నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలతో కలిపి తొలి ఏడాది 6,000 మంది, ఎక్కువగా గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో పదో తరగతి ముగించినవారు, ఆరేళ్ల సమీకృత ఇంజినీరింగ్ కోర్సులో చేరారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి ఆ విశ్వవిద్యాలయ తొలి కులపతి. ప్రతి విద్యార్థికీ ఒక ల్యాప్‌టాప్, అందులో డిజిటల్ పాఠాలు అన్నది ఆ సంస్థ రూపకల్పనలోనే ఉన్న ఆలోచన. తెలుగు నేలమీద అంతమంది పల్లె పిల్లలకు ఒక్కసారిగా సొంత కంప్యూటరు మీద చదువు అప్పగించడం పెద్ద ప్రయత్నం. పదిహేనేళ్ల వయసులో, కొందరైతే మొదటిసారి కీబోర్డు ముట్టుకుంటూ, పాఠాన్ని తమ వేగంతో ఆపి, వెనక్కి జరిపి వినగలగడం ఆ పిల్లలకు దక్కిన గొప్ప స్వేచ్ఛ.

ఆ తరువాతి ప్రభుత్వ ప్రయత్నాలు ఎక్కువగా చూపించడం వైపే మొగ్గాయి. కొవిడ్ కాలంలో 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్, టీ-శాట్ చానెళ్ల ద్వారా మొదలైన తెలంగాణ డిజిటల్ పాఠాలు, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ గళ్ల ద్వారా తెరుచుకునే దీక్షా వేదిక, ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ పంచిన 5 లక్షలకు పైగా ట్యాబులు, ఇవన్నీ వీడియో పాఠం పిల్లవాడికి చేరాలన్న లక్ష్యంతో పుట్టాయి. ఆ లక్ష్యం మంచిదే. అయితే తెర చూపేదిగానే ఉండిపోయి, పిల్లవాడు రాసేది కాకపోతే చదువులో సగమే జరుగుతుంది. ట్యాబు ఇచ్చే రోజున వీడియో ఎలా తెరవాలో చెప్పినంత శ్రద్ధగా, ఆ వీడియోను ఆపి మూడు వాక్యాలు ఎలా రాసుకోవాలో కూడా చెప్పవలసింది.

ఉపాధ్యాయుని చేతిలో ఈ సాధనాలు చేయగల మేలు వేరు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు 2023 నుంచి చేరిన ఇంటరాక్టివ్ ప్యానెళ్ల మీద, అంటే వేలితో రాయగల పెద్ద తెరల మీద, రాసిన పాఠాన్ని చెరపకుండా దాచి తరగతి గుంపుకు పంపవచ్చు. మొత్తం పాఠాన్ని అలాగే పంపితే పిల్లలు రాయడం మానేస్తారు కనుక, ముఖ్యమైన చోట్ల ఖాళీలు ఉంచి పంపే పద్ధతి మేలు; దీన్ని మార్గదర్శక నోట్సు అంటారు, పాఠం చట్రం ఉపాధ్యాయునిది, లోపలి మాటలు విద్యార్థివి. వన్‌నోట్‌లోని తరగతి నోటుపుస్తకం ఇంకో అడుగు ముందుకు వేసి, ఉపాధ్యాయుడు మాత్రమే మార్చగల పాఠాల అర, అందరూ కలిసి రాసే అర, ఒక్కో విద్యార్థికి సొంత అర అని మూడుగా ఏర్పరుస్తుంది. నలభైమంది సొంత అరల్లో రాసుకున్నది సాయంత్రం ఒకసారి చూస్తే, ఎవరికి ఏది తప్పుగా అర్థమైందో త్రైమాసిక పరీక్ష దాకా ఆగకుండానే తెలిసిపోతుంది. పుస్తకాల దొంతర ఇంటికి మోసుకెళ్లి ఎర్ర సిరాతో దిద్దిన తరం ఉపాధ్యాయులకు ఈ చూపు విలువ వెంటనే తెలుస్తుంది.

లాట్ నంబరు

2016లో కేంద్రం ప్రారంభించిన ఈ-నామ్, అంటే ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్, నిజామాబాద్ యార్డుకు తొలిదశలోనే వచ్చింది. గేటు దగ్గర నమోదైన ప్రతి పసుపు కుప్పకూ ఒక లాట్ నంబరు పడుతుంది. ఖరీదుదారు ఆ నంబరు మీదే ధర వేస్తాడు, రైతు ఆ నంబరు మీదే తన సరుకును గుర్తుపడతాడు. తండ్రి పసుపుకు ఉన్న ఈ చిరునామా బిడ్డ చదువుకున్న పాఠానికి లేకపోవడం ఆలోచించదగ్గ విషయం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ తన జీవితకాలంలో సుమారు 90,000 చీట్లు రాసి, ప్రతి చీటీకి ఒక సంఖ్య ఇచ్చి, ఒక చీటీలో మరో చీటీ సంఖ్యను ప్రస్తావిస్తూ అల్లుకుంటూ వెళ్లాడు. ఆయన పుస్తకాలు ఆ అల్లికలోంచే వచ్చాయి. ఇప్పటి సాధనాల్లోని లింకు, ట్యాగు చేసేది ఈ పనే. ట్యాగు అంటే నోట్సుకు తగిలించే చిన్న గుర్తుమాట. ‘దుంప’ అన్న ట్యాగు నొక్కితే వృక్షశాస్త్రంలోని భూగర్భ కాండం పాఠమూ, రసాయనశాస్త్రంలో కర్కుమిన్ గురించి రాసుకున్నదీ, ఇంటి చేనులో తీసిన ఫొటో కూడా ఒక్కచోట కనబడతాయి.

ఆర్మూర్ విద్యార్థికి కాగితం ఇవ్వలేనిదీ, ఫోను ఇవ్వగలిగినదీ ఇక్కడే కనిపిస్తుంది. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. జూన్‌లో విత్తిన మడిని వారానికొకసారి ఒకే చోటు నుంచి ఫొటో తీసి, తేదీ, వాన, వేసిన ఎరువు, ఆకుమచ్చ గాని దుంపకుళ్లు గాని మొదలైన వారం రాసుకున్న డిగ్రీ విద్యార్థి చేతిలో జనవరి నాటికి ముప్పైకి పైగా పుటల క్షేత్ర దినచర్య ఉంటుంది. ఫొటోకు తేదీ, చోటు ఫోనే జోడిస్తుంది. మునుపటి ఏడాదితో పోల్చడం ఒక వెతుకులాటతో అయిపోతుంది. సమీపంలోని కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది, 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. అలాంటి చోట శాస్త్రవేత్త ముందుకు ఆ దినచర్యతో వెళ్లే విద్యార్థి అడిగే ప్రశ్న, ఖాళీ చేతులతో వెళ్లినవాడి ప్రశ్నకన్నా చాలా లోతైనదిగా ఉంటుంది. మండలంలోని కళాశాలలు ప్రాజెక్టు పనిగా పెట్టదగ్గది ఇది.

ఫోను ఎవరిది అన్న ప్రశ్నను మాత్రం తేలిగ్గా తీసుకోరాదు. గ్రామీణ భారతంలో 14–16 ఏళ్లవారిలో 82 శాతానికి స్మార్ట్‌ఫోను వాడడం తెలుసనీ, వారిలో అంతకు ముందు వారంలో చదువు పనికి వాడినవారు 57 శాతం కాగా సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతమనీ 2024 అసర్, అంటే వార్షిక విద్యా స్థితి నివేదిక, చెబుతోంది. సొంత ఫోను ఉన్నవారు వారిలో తక్కువే. తండ్రి గల్ఫ్‌లో, తల్లి చేనులో ఉన్న ఇంట్లో ఒక్క ఫోను ముగ్గురు పిల్లల మధ్య తిరుగుతుంది, ఆ తిరగడంలో ఆడపిల్ల వంతు చివరిది కావడం కూడా జరుగుతుంది. పైగా పదో తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు, గ్రూప్-1 మెయిన్స్ కూడా కలంతో రాయవలసినవే కనుక, తెరమీదే రాసిన చేతికి మూడు గంటలు కాగితం మీద రాసే సత్తువ ఉండదు. అందువల్ల తరగతిలో కాగితం మీద రాసి, ఆ పుటను స్కాన్ చేసి, దానికి ట్యాగు, మూడు వాక్యాల సారాంశం తెలుగులో జోడించి దాచుకునే మిశ్రమ పద్ధతి ఇక్కడి పిల్లలకు ఇప్పటికి అన్నిటికన్నా తగినది. రోజుకు ఇరవై నిమిషాలు ఫోను దొరికితే దానికి చాలు.

దాచుకున్నదాన్ని వెంట తీసుకెళ్లగలగడం కూడా ఇందులో భాగమే. పాఠశాల ఇచ్చిన ఖాతా విద్యార్థి చదువు ముగిశాక మూతపడవచ్చు, సాధనం తయారుచేసిన సంస్థ ఉచిత సేవను ఆపేయవచ్చు, ఫోను పోవచ్చు. దాదాపు ప్రతి సాధనంలోనూ ఎగుమతి అనే సదుపాయం ఉంటుంది. దానితో నోట్సు మొత్తాన్ని సాదా పాఠ్యంగా గాని పీడీఎఫ్‌గా గాని బయటికి తీసుకోవచ్చు. యూనికోడ్ తెలుగులో ఉన్న సాదా పాఠ్యపు ఫైలు ఏ కంపెనీ ఫోనులోనైనా, ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. ఆర్మూర్ నుంచి బాసరకో, హైదరాబాద్‌కో, దుబాయికో వెళ్లే విద్యార్థి మార్చి పరీక్షలు ముగిసిన వారంలో, ఇంట్లో పసుపు బస్తాలు లారీకి ఎక్కుతున్న రోజుల్లోనే, ఆ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లోకీ, తన సొంత ఈమెయిల్‌కూ పంపుకోవడానికి పది నిమిషాలకు మించి పట్టదు.